కలిపేసిన మందు

యలమందకు రెండు కొలువులు, ఒక వ్యసనం అని పర్చూరు వైపు జనం నవ్వేవాళ్లు. ఏడాదిలో రెండు నెలలు టెరిటోరియల్ ఆర్మీలో హవల్దారు, మిగతా కాలం మిరప రైతు. వ్యసనం రైఫిల్ షూటింగ్. అదే అతణ్ణి ఒలింపిక్స్ దాకా తీసుకెళ్లింది. ఫైనల్‌కు చేరలేదు. అయినా ఊళ్లో ఫ్లెక్సీ కట్టారు. టీ కొట్టు దగ్గర మాత్రం, "ఏరా, అంత దూరం పోయి గురి తప్పొచ్చావా?" అని ఆటపట్టించారు. "ఈసారి చూడండ్రా" అనేవాడు. నిజంగానే ఈసారి మీద ప్రాణం పెట్టుకున్నాడు.

ఆ ఏడు మిరపకు నల్లతామర పురుగు పట్టింది. పూత రాలిపోతుంటే ఏ రైతు చేతులు ముడుచుకు కూర్చుంటాడు? పవర్ స్ప్రేయర్ వీపున వేసుకుని చేలోకి దిగాడు. నడి చేలో నాజిల్ మూసుకుపోయింది. మనవాళ్లకు దిక్కుమాలిన అలవాటొకటి ఉంది: మోటారు ఆపకుండానే నాజిల్ విప్పి నోటితో ఊదడం. యలమంద కూడా విప్పాడు. మందు చివ్వున ఎగజిమ్మి కుడి కంట్లో పడింది.

అప్పుడైనా కాలవ దగ్గరికి పరుగెత్తాల్సింది. తువ్వాలుతో కన్ను తుడుచుకుని, ట్యాంకులో మిగిలిన మందు కొట్టడం మొదలుపెట్టాడు మహానుభావుడు.

"ఏమయ్యా, ముందు కన్ను కడుక్కో!" గట్టు మీది నుంచి భార్య శ్రీరమ్య కేకేసింది.

"కలిపేసిన మందు రేపటికి పనికిరాదే. ఇంకో నాలుగు సాళ్లేగా, వస్తన్నా."

గుంటూరు డాక్టరు పరీక్ష చేసి, "వెంటనే నీళ్లతో కడిగేసి వచ్చుంటే బాగుండేదండీ" అన్నాడు. నల్లగుడ్డు మీద తెల్లటి పొర మిగిలిపోయింది. ఇన్నేళ్లూ గురి చూసిన కన్ను అదే. ఎడమ కంటితో మళ్లీ మొదలుపెట్టి చూశాడు. భుజం మాట వినలేదు, చెయ్యీ వినలేదు. శిక్షణ శిబిరానికి రానని ఫోన్లో చెప్పి, ఆ పూట అన్నం ముట్టలేదు.

వేసవిలో దేశమంతా యుద్ధం మాటలే. బెటాలియన్ అందర్నీ రమ్మంది. యలమందకు ప్రాణం లేచొచ్చింది. ఆట పోతే పోయింది, యూనిఫాం ఉంది, అది చాలనుకున్నాడు. కంటి పరీక్ష పెడతారని తెలుసు. ఏటా చదివే అక్షరాలే, అన్ని వరసలూ కంఠతా వచ్చు.

పరీక్ష గది బయట చీరాల ముదస్సిర్ కలిశాడు. ఏటా ఇద్దరూ కలిసే కాపలా కాసేవాళ్లు.

"అన్నా, డ్యూటీ మనిద్దరికీ కలిపే వేయమని అడిగా. నువ్వు మేలుకునుంటే నేను గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోతా."

యలమంద నవ్వి లోపలికెళ్లాడు. డాక్టరు కాగితాల మీంచి తలెత్తకుండానే ఎడమ కన్ను మూయమన్నాడు. గోడంతా తెల్లగా అలుక్కుపోయింది. అతను మాత్రం ఆఖరి వరస దాకా గడగడా చెప్పేశాడు. "శభాష్, వెళ్లు" అన్నాడు డాక్టరు.

యలమంద తలుపు దాకా వెళ్లాడు. అవతల ముదస్సిర్ ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. తన కాపలాను నమ్మి నిద్రపోయేది ఆ పిల్లాడే. వెనక్కి తిరిగాడు.

"సార్, నేను చూసి చదవలేదండీ. గుర్తున్నవి చెప్పాను. ఆ కంటికి ఏమీ ఆనదు."

ఇంటికొచ్చేసరికి శ్రీరమ్య కల్లంలో మిరపకాయలు తిరగేస్తోంది. భర్తను చూసి లేచి నిలబడింది.

"అప్పుడే పంపించేశారా?"

"వాళ్లు పంపలా. నేనే చెప్పేసొచ్చా."

ఆమె దగ్గరికొచ్చి భుజం మీది సంచి అందుకుంది. అంతే, యలమంద ఆ కాయల పక్కనే చతికిలబడి, పసివాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఇంక నన్నెవరూ పిలవరే రమ్యా" అన్నాడు.