ట్యాంకు అడుగంటిందండీ!

నీటి సరఫరా ఆఫీసులో పెద్ద ఇంజనీరు గారు తన ఉద్యోగ జీవితంలో ఒక్కసారి కూడా ట్యాంకులో నీళ్లున్నాయని ఒప్పుకున్న పాపాన పోలేదు. ఎవరు, ఎప్పుడు అడిగినా ఆయన నోట వచ్చే మాట ఒక్కటే: "అడుగంటిందండీ!" మండుటెండల్లో ఆ మాటంటే ఎవరైనా నమ్ముతారు. వీధుల్లో మోకాలి లోతు వాననీళ్లు పారుతుంటే, ఒక చేత్తో గొడుగూ ఇంకో చేత్తో ప్యాంటూ ఎత్తి పట్టుకుని కూడా ఆయన అదే మాట అనేవారు.

"కాళ్ల కింద ఇన్ని నీళ్లు పెట్టుకుని అడుగంటిందంటారేమిటండీ?" అని మందుల షాపాయన మెట్టు మీద నిలబడి అరిచాడు.

"ఇవి ఆకాశం నీళ్లండీ. వీటితో మన ఆఫీసుకు సంబంధం లేదు. మన ట్యాంకు సంగతి అడగండి, చెబుతాను" అంటూ ఆయన దాదాపు ఈదుకుంటూ సాగిపోయారు.

ఊరు ఆయన అసలు పేరు మరిచిపోయి "అడుగంటింది గారు" అని పిలవడం మొదలుపెట్టింది. వెనకనుంచి ఎవరైనా అలా పిలిస్తే ఆయన కూడా నిక్షేపంగా వెనక్కి తిరిగేవారు. చివరకు ఆ మాట ఇంట్లో కూడా తిష్ట వేసింది. భార్య "డబ్బాలో పంచదార ఉందేమో చూడండి" అంటే మూత తీయకుండానే "అడుగంటింది" అనేవారు. ఆవిడ నిండు డబ్బా తెచ్చి ముక్కు కింద పెట్టి "మరి ఇదేమిటి?" అని నిలదీస్తే, "పైపైన అలా కనిపిస్తుందిలే" అని పేపరు అడ్డం పెట్టుకునేవారు.

ఒకసారి ఆయనకు జ్వరం తగిలింది. డాక్టరమ్మ "ఒంట్లో ఓపిక ఎలా ఉందండీ?" అని అడిగింది. ఏం చెప్పి ఉంటారో మీకు తెలుసు. ఆవిడ పాపం నిజమనుకుని సెలైన్ ఎక్కించింది. ఆయన కళ్లు తెరిచి, బొట్టు బొట్టుగా దిగుతున్న సీసాను చూసి, మంచం మీద లేచి కూర్చున్నారు.

"ఈ కనెక్షన్ ఎవరిచ్చారు? పగలూ రాత్రీ సరఫరాయా? రోజు విడిచి రోజు వదలండి, చాలు!"

ఈ మహానుభావుడి కింద పనిచేయడానికి చిన్న ఇంజనీరమ్మ వచ్చింది. కొత్త ఉద్యోగం, అక్కాబావల ఇంట్లో మకాం. ఈమెకూ ఒక జబ్బుంది, నిజం చెప్పడం. చేరిన కొత్తలోనే ఎవరో ఇల్లాలు ఫోను చేసి ట్యాంకులో నీళ్లెలా ఉన్నాయని అడిగితే, మీటరు చూసి మరీ "నిండుగా ఉన్నాయండీ" అని చెప్పేసింది.

అంతే. ఆ కబురు వీధులు దాటింది. జనం కార్లు కడిగారు. కార్లు లేనివాళ్లు పక్కింటివాళ్ల కార్లు కడిగారు. మేడలు కడిగారు, గేట్లు కడిగారు. ఒకావిడ గోడ కడిగి, రంగు పోయిందని ఏడ్చి, ఏడ్చినందుకు మొహం కడుక్కుంది. సాయంత్రానికి ట్యాంకు ఉత్త డొల్ల.

పెద్ద ఇంజనీరు గారు కోప్పడలేదు. "చూశావామ్మా, నీ నిజం ఎన్ని నీళ్లు తాగిందో!" అన్నారు జాలిగా.

"అబద్ధం చెప్పడం నాకు చేతకాదు సార్."

"అయితే ఫోను నేను చూసుకుంటాను. నువ్వు పైపులు చూసుకో తల్లీ."

ఆయన ధాటికి ఊళ్లో ప్రతి ఇల్లూ ఒక చిన్న చెరువు. అక్క ఇంట్లోనే వంటింటి మూల పెద్ద డ్రమ్ము, మంచం కింద బిందెలు, బీరువా మీద బకెట్లు. అక్కకు నిండు నెలలు. పొట్ట పట్టుకుని బిందెల మధ్య దారి చేసుకుంటూ నడిచేది. బావ చెంబెడు నీళ్లు కావాలంటే స్టూలు ఎక్కేవాడు. వీధి చివర టైలరమ్మ కుట్టుమిషన్ కింద టబ్బు పెట్టుకుని, కాళ్లు అందులో పడకుండా పక్కకు తిరిగి తొక్కేది. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు కూడా అమ్మాయిని చూసే ముందు డ్రమ్ములు చూసేవాళ్లని చెప్పుకునేవారు.

"జనాన్ని ఇంతగా బెదరగొట్టడం అన్యాయం సార్!" అని చిన్న ఇంజనీరమ్మ ఉండబట్టలేక అడిగేసింది.

"అన్యాయమేనమ్మా" అని ఆయన ఒప్పుకుని, మోగుతున్న ఫోను ఎత్తి, "అడుగంటిందండీ!" అన్నారు.

ఒకరోజు తెల్లవారుతూనే అక్కకు నొప్పులు మొదలయ్యాయి. బావ ఆసుపత్రికి తీసుకెళ్లాడు. చిన్న ఇంజనీరమ్మ కూడా బయల్దేరబోతుంటే ఆఫీసు నుంచి ఫోను. నది నుంచి ఊరికి వచ్చే పెద్ద పైపు పగిలింది. నీళ్లు వెనక్కి పోకుండా ఆపాల్సిన వాల్వు మొరాయించింది. ట్యాంకులో ఉన్న నీళ్లన్నీ వచ్చిన దారినే వెళ్లిపోయాయి. లారీలతో తోలుదామన్నా అవి నిండాల్సింది ఆ ట్యాంకు కిందే.

ఆమె ఆఫీసుకు పరుగున వచ్చేసరికి ఆసుపత్రి పెద్దాయన ఫోనులో అరుస్తున్నాడు. "మా దగ్గరున్న నీళ్లు ఒక్క పూటకు కూడా రావండీ! కాన్పుల వార్డు నిండిపోయి ఉంది!"

ఆమె పెద్ద ఇంజనీరు గారి వైపు తిరిగింది. ఆ వార్డులోనే అక్క ఉంది. "సార్, ఈసారి నిజంగానే అడుగంటింది. ఊరికి చెప్పేద్దాం" అంది.

"ఆ మాట మాత్రం అనకు తల్లీ!" పెద్ద ఇంజనీరు గారు తలుపు మూసి వచ్చారు. "అది చెవినపడితే ఒక్కరింట్లోంచి గ్లాసెడు నీళ్లు గడప దాటవు. నువ్వు పైపు దగ్గరికి పద. ఊరి సంగతి నేను చూస్తాను."

ఆయన మైకు ఆటో ఎక్కారు. "మహాజనులారా! ట్యాంకులో నీళ్లు బోలెడున్నాయి!"

ఆటో డ్రైవరు సడెన్ బ్రేకు వేశాడు. "సార్, ఒంట్లో కులాసాయేనా?"

"నువ్వు పోనివ్వవయ్యా! మహాజనులారా! సాయంత్రం కొత్త నీళ్లు వదులుతున్నాం. డ్రమ్ములు ఖాళీ చేసుకోకపోతే ఎక్కడ పట్టుకుంటారు? పారబోయకండి, ఆసుపత్రికి ఇచ్చి రండి, కాచి వాడుకుంటారు!"

మందుల షాపాయన నోరు తెరిచాడు. "ఈయనే ఉన్నాయంటున్నాడంటే ఊరు మునిగేటన్ని ఉండి ఉంటాయి!" అని డ్రమ్ము దొర్లించడానికి పరుగెత్తాడు. అతని వెనక వీధి వీధంతా కదిలింది. బిందెలు, బకెట్లు, స్కూటర్ల మీద క్యాన్లు. టైలరమ్మ టబ్బును నలుగురు పల్లకీలా మోసుకెళ్లారు. ఒక చుక్క అడిగితే మొహం తిప్పుకునేవాళ్లు ఆ రోజు వరసలో తోసుకున్నారు, మా నీళ్లు ముందు తీసుకోండంటే మావి తీసుకోండని.

చిన్న ఇంజనీరమ్మ నడుం లోతు బురదలో దిగి వెల్డర్ల పక్కన నిలబడింది. మధ్యాహ్నం బావ ఫోను చేశాడు. ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం. ఆమె ఆ బురదలోనే నిలబడి హాయిగా ఏడ్చింది.

ఊరంతా తిరిగొచ్చి పెద్ద ఇంజనీరు గారు గట్టు మీద కూలబడ్డారు. "సాయంత్రానికి నువ్వు పైపు అతికించకపోతే, నన్ను అతికించడానికి ముక్కలు కూడా దొరకవమ్మా."

"సార్, ఇన్నాళ్లూ ఊరిని భయపెట్టింది ఇలాంటి రోజు కోసమేనా?"

ఆయన సిగ్గుపడ్డారు. "రెండో ట్యాంకు కట్టించమని పైవాళ్లను ఎంతో వేడుకున్నాను. స్థలం లేదన్నారు. ప్రతి వంటింట్లో ఒక మూల ఖాళీగానే ఉంటుంది కదా అనిపించింది. ఆ మూలలు నింపించడానికి భయపెట్టడం తప్ప ఇంకో దారి తోచలేదు."

పైపు అతికింది గానీ సాయంత్రానికి కాదు, మర్నాడు పొద్దునకి. అప్పటికే ఆఫీసు ముందు ఊరు పోగైంది.

"బోలెడున్నాయన్నారు! మీ మాట నమ్మి డ్రమ్ము ఇచ్చేశాను. మొహం కడుక్కోవడానికి కూడా లేవు!" అని మందుల షాపాయన చిందులు తొక్కాడు. పెద్ద ఇంజనీరు గారు చేతులు జోడించి నిలబడ్డారు.

బురద బట్టలతోనే చిన్న ఇంజనీరమ్మ ముందుకొచ్చింది. "ఆయన నిజం చెప్పి ఉంటే ఎవరిచ్చేవారండీ? నిన్న మా అక్కకు కూతురు పుట్టింది. మీ నీళ్లతోనే స్నానం చేయించారు."

మందుల షాపాయన గొంతు సవరించుకున్నాడు. "మీ నీళ్లంటే... నావేగా? ముందు వెళ్లింది నా డ్రమ్మే."

"అబ్బో! ఆ తుప్పు డ్రమ్ము నీళ్లు పసిగుడ్డుకా? అవి మా టబ్బువి!" అంది టైలరమ్మ.

"మా ఇత్తడి బిందెవి కావచ్చుగా?" అన్నారెవరో. ఇంక చూసుకోండి! పెద్ద ఇంజనీరు గారిని అందరూ మరిచిపోయారు. ఆ బిడ్డ ఒంటి మీద పడ్డ చెంబెడు నీళ్లు ఎవరివన్న దాని మీద ఊరు రెండుగా, నాలుగుగా చీలింది. చివరకు అందరూ చిన్న ఇంజనీరమ్మ మీద పడ్డారు. "పిన్నివి కదా, నువ్వే చెప్పమ్మా!"

ఆసుపత్రిలో అన్నీ ఒకే తొట్టిలో కుమ్మరించారని ఆమెకు తెలుసు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో ఆ మొహాలు చూసింది. ఒక్కొక్కరినే పక్కకు పిలిచి, చెవిలో, "మీ నీళ్లేనండీ. ఎవరికీ చెప్పకండి" అంది. ఒక్కొక్కరే మిగతావాళ్లకేసి జాలిగా చూస్తూ, ఛాతీ పొంగించుకుని ఇళ్లకు వెళ్లిపోయారు.

వాకిలి ఖాళీ అయ్యాక పెద్ద ఇంజనీరు గారు అటూ ఇటూ చూసి, దగ్గరికొచ్చి, మెల్లగా దగ్గారు.

"అమ్మా, అంటే... మా ఇంటినుంచి కూడా మీ ఆంటీ ఒక బకెట్ పంపించింది..."

"మీవే సార్" అంది చిన్న ఇంజనీరమ్మ తడుముకోకుండా. ఆయన మొహం చాటంత అయింది.