మెలిత్త మాట

ఏథెన్సులో హాస్యనాటకమంటే ఆడవేషం ఎర్గినోస్‌దే. నలభై దాటిన మోటు మనిషి. నాటకాల రోజులు దగ్గరపడితే ముంజేతుల వెంట్రుకల్ని దీపం మంటకు కాల్చుకుంటాడు. మిగతా విద్యంతా భార్య మెలిత్త దగ్గర దొంగిలించిందే. ఆమె ఉన్ని ఏకుతూ జుట్టెలా వెనక్కి తోసుకుంటుందో, కోపమొస్తే నడుం మీద చెయ్యెలా వేస్తుందో పొయ్యి పక్కన కూర్చుని చూస్తాడు. ఈ ఏటి నాటకంలో ఆడవాళ్లు మగాళ్లను వంటింట్లోకి తరిమి నగరాన్ని ఏలుతారు. నిరుడు కొడుకును యుద్ధంలో పోగొట్టుకున్న మెలిత్త అది విని, "ఆడదాన్ని, నన్నెటూ నగర సభ గడప తొక్కనివ్వరు. ఆ సభలో కూర్చునే మగాళ్లంతా నాటకానికొస్తారుగా. నా మాటగా మీరైనా ఒకటి అడగండి" అంది.

నాటకం రోజున వేదిక మీద అడిగాడు. ఆమెలాగే నడుం మీద చెయ్యి వేసి, "యుద్ధానికి ఓడలు పంపుదామని సభలో చేతులెత్తారే, ఆ చేతుల్లో ఒక్కటైనా నా బిడ్డకు లాల పోసిందా?" అన్నాడు. జనంలోంచి ఎవడో "నీకు పోస్తాం రావే!" అని అరిచాడు. కొండవాలు మీద కూర్చుని నాటకం చూస్తున్న మగాళ్లంతా విరగబడి నవ్వారు. ఎర్గినోస్ అక్కడితో ఊరుకుని ఉండొచ్చు. కానీ నవ్వు వినపడితే అతని ఒళ్లు ఆగదు. గుడ్డలు కుక్కిన రొమ్ములు ఊపుకుంటూ, గొంతు ఇంకా సన్నం చేసి, అదే మాట మళ్లీ అన్నాడు.

ఇంటికొచ్చేసరికి మెలిత్త పిండి చేతులతో గుమ్మంలోనే ఉంది. "అడిగారా? వాళ్లు విన్నారా?" ఎర్గినోస్ చెప్పుల ముడి విప్పడానికి వంగాడు. "విన్నారు. రెండుసార్లు చెప్పించుకున్నారు." ఆమె మోచేత్తో కళ్లొత్తుకుంది. "పోన్లెండి, నా బిడ్డకు ఆ మాత్రమన్నా దక్కింది." ముడి ఎప్పుడో విడిపోయింది. ఎర్గినోస్ మాత్రం తలెత్తలేదు.