బొట్టు పెట్టిన పెట్టె

మా పెదనాన్నను తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముందు కోపమే వస్తుంది.

మదనపల్లెలో ఆయనది తలుపుల దుకాణం. చెక్క మీద పూలు, లతలు చెక్కే సీఎన్‌సీ రౌటరు మిషనొకటి బెంగళూరులో పాతది కొన్నాడు. వచ్చిన కొన్నాళ్లకే దాన్ని నడిపే కంట్రోలరు పెట్టె చచ్చింది. కొత్తది ఎంచే పని నాది. ఎంచనిస్తేగా!

కంప్యూటరుతో నడిచేది తెద్దామంటే, "కరెంటు పోతే?" అనేవాడు.

"కరెంటు లేకుంటే మిషనే తిరగదు పెదనాయనా!"

కంప్యూటరు అక్కర్లేనిది చూపిస్తే, "చెడిపోతే ఈడ ఎవురు బాగుసేస్తారు?"

పుంగనూరులో లేతు మేస్త్రీని, కుప్పంలో కాలేజీ లెక్చరర్ని అడిగాం. ఇద్దరూ కంప్యూటరుదే మేలన్నారు. అయినా తుండుతో మిషను దుమ్ము దులుపుతూ ఆయనది అదే మాట: "ఇంగొకర్ని అడిగి సూద్దాం ఉండప్పా."

ఒళ్లు మండి నేనే తెప్పించేశాను. పాత పెట్టె విప్పబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"ఆయుధపూజకు బొట్టు పెట్టిండేదప్పా అది. పీకేస్తావా?"

దాన్నలాగే వదిలి, కొత్తది పక్కన బిగించాను. మిషను కదిలింది. తొలి తలుపు మీద తామరపువ్వు విచ్చుకుంటుంటే ఆయన రెప్ప వెయ్యలేదు.

మళ్లీ దసరా రాగానే కుంకుమ తెచ్చి, చచ్చిన పెట్టెకే బొట్టు పెట్టాడు.

"మరి కొత్తదానికి?" అన్నాను.

"ఇంగొకర్ని అడిగి సూద్దాం ఉండప్పా."