కొట్టివేసిన రెండు వరుసలు

ధనలక్ష్మి పాశమైలారంలోని ఒక మందుల కంపెనీలో పదకొండేళ్లుగా ప్యాకింగ్ పని చేస్తోంది. అక్కడ ప్రతి పనికీ రిజిస్టరులో రెండు సంతకాలుంటాయి: చేసినవారిది, చూసినవారిది. జరగని పనికి సంతకం చేయరాదు. ఆ వరుసను కొట్టివేసి, పక్కన తేదీ వేయాలి.

ఆ బుధవారం ఆమె పటాన్‌చెరులో ఒక గృహరుణ సంస్థ కార్యాలయంలో కూర్చుంది. ఇస్నాపూర్‌లో కొంటున్న రెండు గదుల ఫ్లాటుకు మర్నాడు పదకొండింటికి రిజిస్ట్రేషన్. అప్పటికి రుణం చెక్కు అందకపోతే ఒప్పందం రద్దవుతుంది. బయానాగా ముందే ఇచ్చిన రెండు లక్షలూ పోతాయి. కిరాయి గది ఖాళీ చేస్తామని ఇప్పటికే చెప్పేశారు.

పక్కన రుణాల ఏజెంటు పాండు ఉన్నాడు. షిఫ్టు మారే వేళ కంపెనీ గేటు దగ్గర, బైకు సీటు మీదే కాగితాలు పరిచి సంతకాలు పెట్టించుకోవడం అతని పద్ధతి.

అధికారి రవళి ఖర్చుల పత్రం ముందుకు జరిపింది. ధనలక్ష్మి వేలు రెండు వరుసల దగ్గర ఆగింది: ‘రెండవ మదింపు – 2,360’, ‘ఇతరములు – 1,770’.

“మేడమ్, ఇల్లు చూసెటందుకు ఇంజినీరు ఒక్కసారే వచ్చిండు. రెండోసారి వచ్చిందెవరు? ఈ ఇతరములంటే ఏంది?”

“ప్రొసీజర్ అమ్మా. అందరికీ వేస్తం.”

పాండు నవ్వాడు. “అక్కా, నాలుగు వేలకు ఇరవై రెండు లక్షల లోన్ ఆపుకుంటవా? అంగట్ల టమాటలనుకున్నవా బేరమాడనీకి?”

“బేరం కాదన్నా. అడుగుతున్న, గంతే.”

ముత్తంగి గోదాములో పనిచేసే భర్త ఫోన్ చేశాడు. “సంతకమైందా? జల్దీ కానియ్యి. నాకు పరేషానైతున్నది.”

ఆమెకూ భయంగానే ఉంది. కానీ చెయ్యి అలవాటు చొప్పున కదిలింది. రెండు వరుసలనూ కొట్టివేసి, తేదీ వేసి, సంతకం చేసింది. ఇది కంపెనీ రిజిస్టరు కాదన్న సంగతి ఆ తర్వాతే తట్టింది.

“ఏం చేసిన్రమ్మా!” అంది రవళి. “కొట్టివేతలుంటే హెడ్డాఫీసు తీసుకోదు. కొత్తది రావాలంటే మూడు రోజులు పడ్తది.”

మూడు రోజులు! ప్రశ్నించినవారికి మాత్రమే పట్టే మూడు రోజులు. డబ్బు వసూలు చేసే ప్రతివారికీ ఏ పనికి ఎంత తీసుకుంటున్నారో చెప్పే బాధ్యత ఉంటుంది. ఆ బాధ్యతను గడువు వెనుక దాచుకోవడం బెదిరింపే తప్ప పద్ధతి కాదు.

ధనలక్ష్మి ఫైలు వైపు వేలు చూపింది. “ఇంజినీరు రెండోసారి వచ్చిన రిపోర్టు సూపియ్యండి, ఇప్పుడే కడ్త. లేకుంటే లేదని రాసి మీరు సంతకం పెట్టుండ్రి.”

రవళి ఫైలు రెండుసార్లు తిరగేసింది. ఒక్క రిపోర్టే ఉంది. ఫైలు తీసుకొని మేనేజరు గదిలోకి వెళ్లింది, తలుపు మూసుకుంది. కొట్టివేతలున్న పత్రం ధనలక్ష్మి ముందే ఉండిపోయింది.

అరగంట గడిచింది. భర్త మళ్లీ ఫోన్ చేస్తే ధనలక్ష్మి ఎత్తలేదు. ఏం చెప్పాలి, ఇల్లు పోగొట్టానని చెప్పాలా?

రవళి కొత్త పత్రంతో, చెక్కుతో వచ్చింది. ఆ రెండు వరుసలూ లేవు. “సిస్టమ్‌ల పొరపాటు. ఆ పాతది ఇటియ్యండి, చింపేస్త.”

ధనలక్ష్మి కొత్త పత్రాన్ని పైనుంచి కింది దాకా చదివి సంతకం చేసింది. “పాడైన కాగితం మా కంపెనీల చింపం మేడమ్, కొత్తదానికి జత చేస్తం. మా ప్యాకింగోళ్లవి పాండన్న తెచ్చిన ఫైళ్లు నలభై ఉన్నయి. ఆ నలభై మందికి ఈ కాగితం సూపియ్యాలె.”

“అక్కా, నా పొట్ట గొట్టకు!”

“నీ బైకు సీటు మీద నేను గూడ చదవకుంటనే సంతకం పెట్టినన్నా. నా తప్పు గూడ ఉన్నది.”

చెక్కు ఇంకా రవళి వేళ్ల మధ్యే ఉంది. ధనలక్ష్మి పాత కాగితాన్ని సంచిలో పెట్టి, చెయ్యి చాచింది. చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. రవళి మేనేజరు తలుపు వైపు ఒకసారి చూసి, చెక్కు ఇచ్చింది.