సెప్టిక్ ట్యాంకులో యాసిడ్

రేపు నా భార్య సంవత్సరీకం. ఇరవైమంది బంధువులు వస్తున్నారు. ఈ ఉదయం బాత్‌రూమ్‌లోకి మురుగునీళ్లు మళ్లీ తన్నుకొచ్చాయి. ఆమె పోయాక ఇది మూడోసారి. మార్కాపురం నుంచి మురుగు తోడే ట్యాంకర్ తెచ్చిన ఓబులేసు సెప్టిక్ ట్యాంకు మూత తీసి ముఖం చిట్లించాడు.

"ఏంది సారూ, యాసిడ్ పోస్తాండారా?"

"వారం వారం బాత్‌రూమ్ దాంతోనే కడుగుతాను. శుభ్రంగా ఉండాలని."

"బాగుంది! ట్యాంకులో మురుగును కరిగించే కంటికి కనపడని పురుగును మీరే చంపి, మళ్లీ నన్ను పిలుస్తాండారు. ఆయమ్మ ఉన్నన్నాళ్లు ఒక్కసారి పిలవలేదే! దేంతో కడిగేది?"

తెలియదన్నాను. పద్దెనిమిదేళ్లుగా ఆ బాత్‌రూమ్ వాడుతున్నవాణ్ణి.

సాయంత్రానికి ట్యాంకు ఖాళీ అయింది, నీళ్లు దిగాయి. ఆ పురుగు మళ్లీ పుట్టడానికి, అతను చెప్పినట్టే ట్యాంకులో రెండు బకెట్ల పేడనీళ్లు పోశాను. రేపటికి ఇబ్బంది లేదు.

మీ ఇంట్లో బాత్‌రూమ్ దేంతో కడుగుతారో మీకు తెలుసా? తెలియకపోతే ఈ రోజే అడగండి. నేను ఎప్పుడూ అడగలేదు.