గ్లాసు తొణకని ఇంజను

ఆ వీధిలో ఇంజను బాగుందో లేదో తేల్చడానికి మీటర్లూ కంప్యూటర్లూ అక్కర్లేదు. అంచుదాకా టీ పోసిన స్టీలు గ్లాసు ఒకటి చాలు. మెకానిక్ దాన్ని నడుస్తున్న ఇంజను మీద నిలబెడతాడు. చుక్క తొణికిందా, బండి షెడ్డు దాటదు. తొణకలేదా, ఆ టీ బండి యజమానికే ఇచ్చి తాగి వెళ్లమంటాడు. అందుకే ఊరంతా అతన్ని గ్లాసు మేస్త్రి అంటుంది. కన్నవాళ్లు పెట్టిన పేరు ఏ పాత కాగితంలో మూలుగుతోందో అతనికే తెలియదు.

తొమ్మిదో తరగతిలో లెక్కల మాస్టారి స్కూటరు విప్పి బిగిస్తే మూడు నట్లు మిగిలాయి. దాంతో బడి మాన్పించారని జనం అంటారు. "మూడు నట్లు తక్కువైనా బండి నడిపించినవాడికి ఇంకేం నేర్పుతామని వాళ్లే దండం పెట్టి సాగనంపారు" అని మేస్త్రి అంటాడు. ఒకసారి బస్సు ఇంజను మీద గ్లాసు పెట్టి నడిపిస్తే, గమ్యం చేరేసరికి టీ మీద మీగడ కట్టిందట. మొదట చెప్పినప్పుడు అది పది కిలోమీటర్ల ప్రయాణం. ఈ మధ్య అందులోకి రెండు కొండలూ ఒక వాగూ వచ్చి చేరాయి.

అంతటివాణ్నీ ఆ ఉదయం సొంత వదిన షెడ్డుకొచ్చి ఒక్క ప్రశ్నతో ఇరుకున పెట్టింది.

వదిన లైబ్రరీలో పనిచేస్తుంది. వాడవాడకీ పుస్తకాలు తిప్పే వ్యాను డ్రైవరు ఈ నెలాఖరుకి రిటైరవుతున్నాడు. లైసెన్సు వస్తే ఆ వ్యాను ఆమెదే. కానీ రెండుసార్లు టెస్టు తప్పింది, రెండుసార్లూ ఒకే తీరున. గీత దగ్గర ఆపమంటారు, ఆపుతుంది, ఇంటి కారు గుక్కతిప్పుకోలేక చచ్చూరుకుంటుంది. మూడో టెస్టు ఇవాళ పన్నెండింటికి. ఇదీ తప్పితే వ్యాను ఇంకొకరికి ఇస్తామని లైబ్రరీ పెద్దావిడ చాలా మర్యాదగా చెప్పేసింది.

నేర్పిన గురువు మేస్త్రే. "నీ కాలు బరువు వదినా, క్లచ్ మీద ఇసక మూట దిగినట్టు దిగుతోంది" అని రెండు నెలలుగా తేల్చి పారేశాడు. ఆ మాట ఇంట్లో ఎంత పాకిందంటే, పిల్లలు ఆమె చెప్పు కనబడితే చాలు, ఇద్దరు కలిసి ఆయాసపడుతూ ఎత్తుతున్నట్టు నటించేవారు.

"మరిదీ, ఒక్క మాట అడుగుతా" అంది వదిన, కారు తాళాలు వేలికి తిప్పుతూ. "క్లచ్ మొత్తం తొక్కితే ఇంజనుకీ చక్రాలకీ సంబంధం తెగిపోతుందని నువ్వేగా చెప్పావు?"

"చెప్పాను. అంత వివరంగా ఇంకెవడు చెప్తాడు?"

"మరి సంబంధం తెగాక కూడా ఇంజను ఆగిపోతుంటే, తప్పు నా కాలిదెలా అయింది?"

పక్క కొట్లో టైర్ల బాబాయ్ గాలి కొట్టడం ఆపి, జవాబు కోసం మెడ చాచాడు.

"నువ్వు జరుగు వదినా. ఎలా ఆపాలో చూపిస్తా" అని మేస్త్రి సీట్లో కూర్చున్నాడు. గేటుదాకా నడిపి, క్లచ్ తొక్కి, మెత్తగా బ్రేకు వేశాడు. కారు గజగజ వణికి, రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. మళ్లీ నడిపాడు. మళ్లీ ఆగింది.

"ఏరా, నీ కాలూ బరువెక్కిందా?" అన్నాడు బాబాయ్.

మేస్త్రి దిగి బానెట్ ఎత్తాడు. గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది.

"ఇది ఇంజనుకి ముక్కు" అన్నాడు, గాలి గొట్టం చివరన ఉన్న లోహపు డబ్బాని చూపిస్తూ. "థ్రాటిల్ బాడీ అంటారు. లోపల బిళ్లలాంటి తలుపుంటుంది. యాక్సిలరేటర్ వదిలేస్తే అది మూసుకుని, వెంట్రుకంత సందే మిగులుతుంది. బండి ఆగి ఉన్నప్పుడు ఊపిరంతా ఆ సందులోంచే."

"మరి ముక్కు దిబ్బడేస్తే?"

"ఇదిగో, ఇలాగే దగ్గుతుంది."

"అంటే కాలు కాదు, ముక్కన్నమాట" అంది వదిన. మేస్త్రికి ఆ క్షణంలో స్పానరు వెతుక్కోవాల్సిన అవసరం గట్టిగా వచ్చింది.

బ్యాటరీ వైరు తీశాడు. గాలి గొట్టం క్లిప్పు వదులు చేశాడు. వైర్ల ప్లగ్గు ఊడదీసి, నాలుగు బోల్టులూ విప్పి డబ్బాని చేతిలోకి తీసుకున్నాడు. బిళ్ల చుట్టూ జిడ్డుమసి నల్లటి కాటుకలా పేరుకుని ఉంది. ఈలోగా బాబాయ్ టీ తెచ్చాడు. ఇంజను పైమూత నున్నగా ఉంటుంది కనుక, గ్లాసు జారకుండా కింద ఏదో సర్ది, పరీక్షకు సిద్ధంగా దాని మీద నిలబెట్టాడు మేస్త్రి. క్లీనరు మందు గుడ్డ మీద కొట్టి, బిళ్లని బలవంతంగా తిప్పకుండా, అంచుల్ని మెత్తని పళ్ల బ్రష్షుతో తోమాడు. అరగంటకి లోపల మొహం చూసుకునేంత మెరుపు వచ్చింది.

"ఈ చేత్తో కడిగితే ఇంజను వయసు పాతికేళ్లు వెనక్కి పోతుంది వదినా. ఒకాయన కారైతే కడగ్గానే షోరూమ్ వైపు పరుగెత్తింది, మేమే పట్టుకొచ్చాం" అంటూ అన్నీ బిగించి స్టార్ట్ చేశాడు.

ఇంజను బుస్సుమంది. ఒకసారి అరిచింది, ఒకసారి మూలిగింది, మళ్లీ అరిచింది. గ్లాసు గంతులేసి సగం టీ పైమూత మీద ఒలకబోసింది.

బుస అంటే ఏదో సందులోంచి దొంగగాలి దూరుతోందన్నమాట. మేస్త్రి ఇంజను ఆపి, మళ్లీ విప్పి చూశాడు. డబ్బాకీ ఇంజనుకీ మధ్య ఉండాల్సిన రబ్బరు రింగు లేదు. జేబులు తిరగేశాడు. గుడ్డలు దులిపాడు. కారు కిందికి దూరి చూశాడు. చివరికి బాబాయ్ చెప్పులు కూడా విప్పించాడు. పదిన్నర దాటింది. కొత్త రింగు దొరికే కొట్టు ఊరికి ఆ చివర ఉంది, వెళ్లి వచ్చేసరికి టెస్టు ముగిసిపోతుంది. లైబ్రరీ వ్యానుని ఇంకెవరో నడుపుకుంటూ వెళ్లిపోతున్నట్టు అతని కళ్లకు కట్టింది.

వదిన ఊరికే కూర్చోలేక గుడ్డ తీసుకుని ఒలికిన టీ తుడుస్తూ గ్లాసు పైకెత్తింది. గ్లాసు అడుగున నల్లటి రింగు అంటుకుని వేలాడుతోంది.

"మరిదీ, ఇదేనా?"

బాబాయ్ టైరు మీద కూలబడి పొట్ట పట్టుకున్నాడు. మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "అది... రబ్బరు మెత్తబడాలని నేనే వేడి గ్లాసు కింద..." అని మొదలుపెట్టాడు. మంచి కథే, పాకం కూడా కుదురుతోంది. కానీ వదిన చూపు చూసి మధ్యలో వదిలేశాడు.

"తప్పు నాదే వదినా. ఈ రింగు విషయంలోనూ, నీ కాలి విషయంలోనూ."

"ఇంకోసారి చెప్పరా, కంప్రెసర్ మోతలో వినబడలేదు" అన్నాడు బాబాయ్. కంప్రెసర్ అప్పటికి గంట నుంచీ ఆగే ఉంది.

రింగు తుడిచి గాడిలో కూర్చోబెట్టి, బోల్టులు ఎదురెదురుగా బిగించాడు. ఇంజను స్టార్ట్ చేసి, కొత్త ఊపిరి దానికి అలవాటు కావాలని, పది నిమిషాలు ఎవర్నీ దేన్నీ ముట్టుకోనివ్వలేదు. తర్వాత నిండు గ్లాసు పెట్టాడు. టీ మీద ముడత కూడా పడలేదు.

"తాగు వదినా."

"టెస్టయ్యాక. నువ్వే పట్టుకుని రా."

అలా మేస్త్రి నిండు గ్లాసుతో ఆమె పక్కన కూర్చుని, టెస్టు మైదానం గట్టు మీద దిగాడు. కారు వంకరటింకర గీతలన్నీ తిరిగి గీత దగ్గర ఆగింది. అంత దూరానికి ఇంజను చప్పుడు వినబడలేదు. నడుస్తోందా, చచ్చిందా? మేస్త్రి ఊపిరి బిగబట్టాడు. ఒకటి, రెండు, మూడు... కారు మెల్లగా, హాయిగా ముందుకు కదిలింది.

వదిన కాగితం ఊపుకుంటూ వచ్చేసరికి గ్లాసులో సగమే ఉంది. మిగతాదంతా మేస్త్రి చొక్కా చేతి మీద ఉంది.

"ఇంజను బాగుంది మరిదీ, నీ చెయ్యే మిస్‌ఫైర్ కొడుతోంది" అంటూ ఆ సగం టీ గటగటా తాగేసింది. "ఇంటికెళ్లాక పిల్లల ముందు నా చెప్పు ఎత్తి, ఎంత తేలికో నువ్వే చెప్పాలి."

ఎత్తాడు, చెప్పాడు. మొదటిసారి చెప్పినప్పుడు ఆ చెప్పు ఒంటి వేలికి లేచింది. ఇప్పుడు పుస్తకాల వ్యాను వీధిలోకి వచ్చినప్పుడల్లా చెప్తాడు, గాలికి ఎగిరిపోకుండా దానిమీద గ్లాసు బరువు పెట్టాల్సి వచ్చిందని.