బొప్పాయిలో తెల్ల దారాలు

మొన్న తిరుచానూరులో మా అక్క ఇంటికి వెళ్ళి, దాహంగా ఉందని ఫ్రిజ్ తెరిచాను. పెరుగు గిన్నెకూ కరివేపాకుకూ మధ్యన ఓ స్పిరిట్ సీసా, దానిమీద ఎర్ర అక్షరాలతో "తాగొద్దు" అని. అక్క తిరుపతిలో డిగ్రీ పిల్లలకు బయోకెమిస్ట్రీ చెబుతుంది. మరునాటి ప్రయోగానికి దాన్ని చల్లబెడుతోందట. నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే పాకాలలో మా ఇల్లు, అక్క ఇంటరు పాసైన వేసవి గుర్తొచ్చాయి.

మా నాయన బెల్లం వండేవాడు. మా చిన్నప్పుడే అమ్మ పోతే, వంట నుంచి మా జడల దాకా అన్నీ ఆయనే చూసుకున్నాడు. మోకు పేనినంత గట్టిగా వేసేవాడు జడలు; సాయంత్రం దాకా మా కనుబొమలు పైకి లేచే ఉండేవి. అక్కకు తిరుపతిలో బయోకెమిస్ట్రీ సీటొచ్చింది, సోమవారానికల్లా చేరాలి. నాయనకేమో కామర్స్ మీద గురి. "కంటికి కనపడని దాన్ని సదివి ఏం సేస్తావు పాపా?" అన్నాడు. ప్రతి కణంలో డీఎన్ఏ అనే పొడవాటి దారం ఉంటుందనీ, ఏ ప్రొటీను ఎట్లా తయారవాలో అందులోనే రాసి ఉంటుందనీ, ఆ ప్రొటీన్లే మన కండా, జుట్టూ అవుతాయనీ అక్క ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. నాయన ఓపిగ్గా విని, "ఎవురు సూసినారు?" అన్నాడు. "నేను సూపిస్తా" అనేసింది అక్క. తనూ అంతవరకు చూడలేదని నాకొక్కదానికే తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం పండు బొప్పాయి మెత్తగా పిసికి, నీళ్ళు, ఉప్పు, ఒక షాంపూ పొట్లం కలిపింది. షాంపూ ఎందుకని నాయన అడిగితే, "కణం సుట్టూ ఉండేది కొవ్వు పొర నాయనా. సబ్బుకు నూనె జిడ్డు పోయినట్ల పోతాది" అంది. గుడ్డలో వడగట్టి ఆ నీళ్ళలో సగం గాజు గ్లాసులో పోసింది. ఎదురింట్లో ఉండే ఆసుపత్రి నర్సమ్మ ఇచ్చి, తన ఫ్రిజ్‌లోనే చల్లబెట్టిన స్పిరిట్ తెచ్చి, తొందరకొద్దీ ఒక్కసారిగా గుమ్మరించి గరిటెతో గిరగిరా తిప్పేసింది. గ్లాసంతా కుడితి నీళ్ళలాగా అయింది తప్ప ఏమీ కనపడలేదు. నాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు. తిట్టినా బాగుండేది.

"కూసో నాయనా. ఇంకొక్క తూరి!" స్పిరిట్ సీసాలో సగం మిగిలి ఉంది. వడగట్టిన నీళ్ళలో మిగిలినవి ఇంకో గ్లాసులో పోసి, దాన్ని వాల్చి, గోడ వెంబడి బొట్టుబొట్టుగా స్పిరిట్ జార్చింది. అది పైన అద్దంలా తేలి నిలిచింది. డీఎన్ఏ స్పిరిట్‌లో కరగదట; రెండూ కలిసేచోట ముందు బుడగలు, తర్వాత మంచులాంటి తెలుపు, ఆ తెలుపులోంచి సన్నని పోగులు! అక్క కేక పెట్టింది. నేను ఇంకా గట్టిగా పెట్టాను. నాయన కడిగిన చీపురుపుల్ల ముంచి తిప్పి పైకెత్తాడు. దారం సాగుతూ వచ్చింది. జీవితమంతా పాకం చూసిన మనిషి కళ్ళు పెద్దవైపోయాయి. "తీగపాకం మాదిరి ఉండాదే!"

"ఒగటి కాదు నాయనా, లచ్చల దారాలు ముద్దయితేనే ఇట్ల కనపడేది."

"మనకూ ఉండాదా?"

"ఉండాది. నాలో సగం నీది, సగం అమ్మది."

నాయన చేతిలో పుల్ల అట్లాగే ఆగిపోయింది. "మీ అమ్మది... ఇంకా ఉండాదా?"

"ఒళ్ళంతా ఉండాది నాయనా. దీంట్లో గూడా" అని అక్క చెయ్యి చాపింది. ఆ చేతిని కాసేపు పట్టుకున్నాడు. తర్వాత ఒక్కసారిగా లేచి వాకిట్లోకి పోయి, "అప్పా, అందరూ రాండి! మా పాప దారం తీసినాది!" అని వీధంతా వినపడేలా పిలిచాడు. మరునాడు తొలి బస్సుకే తిరుపతి. ఏ కోర్సని కాలేజీ గుమాస్తా అడిగితే, అక్క నోరు తెరిచేలోపే నాయన, "దారాల సదువు సార్!" అన్నాడు.

రెండో గ్లాసులో ఆ తెలుపు పైకి రావడానికి పట్టింది అయిదు నిమిషాలో, పదో. మా ఇంట్లో తర్వాతి ఏళ్ళన్నీ ఆ కాసిని నిమిషాలు చూపించిన దారినే నడిచి వచ్చాయి.